పాడియు చట్టమును

తెలుగుబాసలో పాడి యను మాటకు రెండర్థములు గలవు. పాడిపంటలని కలిపి చెప్పునపుడు అది ఆవుగేదెల పోషణమును, పాలువెన్నలను తెలుపును. "ఇది నీకు పాడియా?" యని యడుగునపుడు అదియే న్యాయమును, ధర్మమును తెలుపును. ఈ రెండర్థములు ఒక్క మాటయందెట్లు కుదిరెనో నిఘంటుకారులు తేల్చుకొందురు గాక. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములందలి పాలసంఘముల చరిత్రమును చూచినవారికి మాత్రము ఈ రెండును విడదీయరానివని తోచక మానదు. పాలు పోసినవారికి పాడి దొరకినదా లేదా యన్నదే ఆ చరిత్రమంతటిలోను ఉన్న ప్రశ్న.

ఈ వ్యాసమున నేను విమర్శింపబూనినది కావ్యమును గాదు, నాటకమును గాదు, కొన్ని చట్టములను. చట్టముల మాట వచ్చునప్పటికి అవి న్యాయవాదుల సొమ్మని మనము తప్పుకొనుట అలవాటైనది. కాని చట్టమును ఒక రచనయే. దానికి కర్తలు గలరు, ఉద్దేశము గలదు. తాను ఎవరికొరకు వ్రాయబడినదో ఆ మనుష్యుని గూర్చి దానికొక ఊహ గలదు. ఆ ఊహలోని మనుష్యుడెవరో కనుగొన్నచో ఆ చట్టము గుణదోషములు సగము తెలిసినట్లే. గృహస్థులును గృహిణులును ఈ విచారణ చేయదగుదురు. ఏలయన, చట్టపు ఫలము న్యాయస్థానమున కంటె ముందు వంటింట తెలియుచున్నది.

లోకోపకారము చేయగోరువారు దానముచే చేయుదురు, వ్యాపారము చేయువారు లాభమునకై చేయుదురు అని తలచి మన చట్టములు చిరకాలము ఈ రెండిటికిని రెండు గదులు కట్టి నడుమ గోడ పెట్టినవి. కాని లోకమున మూడవ తెగకు చెందిన పని యొకటి కలదు. పల్లెలలో పాలు సేకరించి, చల్లబరచి, కాచి, పట్టణముల నమ్మి, వచ్చిన సొమ్మును పాలు పోసినవారికే పంచిపెట్టు సంస్థ చేయునది వ్యాపారమా, ఉపకారమా? రెండును అనవలెను. మగ్గపువారి సంఘములు, చేపలు పట్టువారి సంఘములు, పొదుపు సంఘములు, అన్నియు నిట్టివే. వీనికి తగిన చట్టరూపము ఏది? దానసంస్థయా, కంపెనీయా, సహకార సంఘమా, లేక రెండు మూడు కలిపిన మిశ్రరూపమా? ఈ ప్రశ్న నేడు ప్రపంచమంతట అడుగబడుచున్నది. మన గుంటూరు సీమలో దీనిని నలువది సంవత్సరములకు పైబడి అనుభవముచేతనే పరీక్షించిరి. కావున దూరదేశపు గ్రంథములకంటె ముందు మన పెరటిలోని యుదాహరణమును చదువుట మేలు.

ఏ రూపమునైనను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలునని నా యభిప్రాయము. లోనికి వచ్చు తలుపు ఎవరికి తెరచియున్నది? పద్దు పుస్తకము ఎవరు తెరచి చూడగలరు? అన్ని ఖర్చులు పోగా కడవ యడుగున మిగిలినది ఎవరికి చెందును? తలుపు, పద్దు, మిగులు అను ఈ మూడే ఇచ్చట నాకు కొలబద్దలు.

మొదట దానరూపములను చూతము. 1860 సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టము విద్యకు, గ్రంథాలయములకు, ధర్మకార్యములకు కూడిన పెద్దమనుష్యులను ఊహించి వ్రాయబడినది. దాని నీడను మన దేశమున ఎన్ని పాఠశాలలు, ఎన్ని పఠనమందిరములు వెలసెనో లెక్కింపలేము. ఇప్పటి ఆంధ్రప్రదేశమున దాని స్థానమున 2001 నాటి రాష్ట్రచట్టము నడచుచున్నది. 1918లో వేటపాలెమున యువకులు కూడి నెలకొల్పిన సారస్వత నికేతనము నేటికిని నిలిచియుండుట ఇట్టి స్వచ్ఛంద సంఘజీవనమునకు గొప్ప సాక్ష్యము. ట్రస్టు రూపము దాతను, ఆ దాత దయకు పాత్రుడగు వానిని ఊహించును. కంపెనీల చట్టమున, 2013 సంవత్సరపు దానిలో ఎనిమిదవ సెక్షను క్రింద, లాభము పంచుకొనరాని కంపెనీ యను రూపము కూడ కలదు. అంతకుముందు 1956 చట్టమున అది ఇరువదియైదవ సెక్షను. ఈ మూడిటను మిగులు విషయము స్పష్టము: అది సభ్యుల జేబులోనికి పోరాదు, సంకల్పించిన కార్యమునకే పోవలెను. గ్రంథాలయమునకు ఇది చక్కగా సరిపోవును. కాని పాలు పోయువానికి సరిపోవునా? అతడు దానము గ్రహించువాడు కాడు; తన సొత్తు తెచ్చి యిచ్చినవాడు. మిగులు అతనికి పంచరాదన్నచో, అతని కష్టముతో ఇతరులు పుణ్యము గడించినట్లగును. దానరూపములో ఆదరము కలదు గాని హక్కు లేదు. ట్రస్టు పద్దును చూపుమని ధర్మకర్తను నిలదీయుట అందు ఉపకారము పొందువానికి సులభము కాదు.

అందుచేతనే సహకార రూపము పుట్టినది. ఇంగ్లండున రాచ్‌డేలు పట్టణమున 1844లో ఇరువదియెనమండ్రు పనివారు కూడి తెరచిన అంగడి దీనికి ఆదర్శమని లోకమంతయు నొప్పుకొన్నది. మనుష్యుడొక్కనికి వోటొక్కటి, మిగులు, పెట్టిన పెట్టుబడి ననుసరించి గాక, సంఘముతో జరిపిన వ్యవహారము ననుసరించి, ఇవి దాని ప్రాణసూత్రములు. మన దేశమున 1904లో అప్పుల సంఘములకును, 1912లో ఇతర సంఘములకును చట్టము వచ్చెను. మదరాసు రాజధానికి 1932లో ప్రత్యేక చట్టము కలిగెను. గుజరాతున 1946లో ఆనందు పట్టణముకడ పాలవారు తమ యూనియనును స్థాపించుకొనిరి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1964లో రాష్ట్రపు సహకార సంఘముల చట్టము వెలువడినది.

ఈ 1964 చట్టమును నెమ్మదిగా చదివినవారికి అది ఊహించిన మనుష్యుడు తేటగా కనబడును. అతడు మైనరు బాలుడు. అతనికి ఆస్తి కలదు; కాని దానిని చూచుకొను తెలివి ఇంకను రాలేదు; కావున సర్కారు సంరక్షకుడై యుండవలెను. సర్కారు సంఘమున వాటాలు కొనవచ్చును, తన మనుష్యులను కార్యవర్గమున కూర్చుండబెట్టవచ్చును, కార్యవర్గమును రద్దుచేసి "పర్సన్ ఇన్‌చార్జి" యను నధికారిని నియమింపవచ్చును. పేదరైతుకు ఆదియందు చేయూత అవసరమే; సర్కారు ధనము లేకున్నచో పెక్కు సంఘములు పుట్టియే యుండవు. ఇది నిజము. కాని బాలుడు పెద్దవాడైనను సంరక్షకుడు తాళపుచెవి ఇయ్యకున్నచో అది రక్షణము గాదు. ఎన్నికలు జరుగవలసిన వేళకు జరుగక, అధికారుల యేలుబడిలో ఏండ్ల తరబడి గడచిన సంఘములను మన పల్లెవారు ఎరుగుదురు. ఇచ్చట తలుపు తెరచియే యున్నది. కాని పద్దు కచేరీలో నున్నది. మిగులు ఎవరిదో ఎవరికిని తెలియదు.

ఈ దోషమును దిద్దుటకు 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వచ్చెను. ఇది మన రాష్ట్రము దేశమునకు చూపిన దారి. తరువాత బిహారు, కర్ణాటకము, మధ్యప్రదేశము, ఒడిస్సా మొదలగు రాష్ట్రములు ఇట్టి చట్టములను చేసికొన్నవి. దీనిలోని ప్రధానభావము సులభమైనది. సర్కారు వాటా లేని సంఘమున సర్కారు పెత్తనము ఉండరాదు. నియమావళిని సభ్యులే వ్రాసికొందురు, ఎన్నికలు వారే జరుపుకొందురు, నష్టము వచ్చినను వారే భరింతురు. పాత చట్టము క్రింద నున్న సంఘములు సర్కారువారి వాటాధనము తిరిగి యిచ్చి ఈ క్రొత్త చట్టమునకు మారవచ్చును. ఈ చట్టము ఊహించిన మనుష్యుడు వయస్సు వచ్చిన రైతు. దీనిని చదువునపుడు పౌరుషము గలవారికి సంతోషము కలుగక మానదు.

కాని చట్టము వ్రాసిన చేయి ఆ మాటమీద నిలువలేదు. 2006లో శాసనసభ ఈ చట్టమును సవరించి, పరస్పర సహాయక రూపమునకు మారిన పాలసంఘములు మొదటినుండియు 1964 చట్టము క్రిందనే యున్నట్లు భావింపవలెనని శాసించెను. జరిగినదానిని జరుగలేదనుట ఇది. సంఘములవారు న్యాయస్థానముల కెక్కిరి. 2011 సెప్టెంబరులో సుప్రీముకోర్టు, రాష్ట్ర పాడి ఫెడరేషనునకును నరసింహారెడ్డి యను వానికిని నడుమ జరిగిన వ్యాజ్యమున, ఆ సవరణ రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. సంఘము పెట్టుకొను హక్కు పందొమ్మిదవ అధికరణమున కలదు. ఒక రూపమును కోరి చేరిన సభ్యులను వారి యిష్టము లేకుండ వేరొక రూపములోనికి త్రోయుట ఆ హక్కును హరించుటయే యని దాని సారాంశము. ఆ యేటనే జరిగిన తొంబదియేడవ రాజ్యాంగ సవరణచే "సహకార సంఘములు" అను మాట ఆ యధికరణములోనే చేరినది. పల్లెటూరి పాలకేంద్రమునకును రాజ్యాంగమునకును ఇంత దగ్గర సంబంధము కలదని చాలమందికి అంతవరకు తెలియదు.

ఐనను ఒకసారి ఇంటికప్పు తొలగింపబోయిన వాని మాటను నమ్మి ఎవరు నిద్రింతురు? రాష్ట్రశాసనము మారినను మారని రూపము కావలెనని సంఘముల కార్యకర్తలు వెదకిరి. అప్పటికే కేంద్రము 2002లో కంపెనీల చట్టమున నొక క్రొత్తభాగము చేర్చి "ఉత్పాదకుల కంపెనీ" యను మిశ్రరూపమును కల్పించి యుండెను. 2020 నాటి సవరణచే ఆ నియమములు 2013 సంవత్సరపు కంపెనీల చట్టమున చోటుచేసికొన్నవి. ఇది బయటికి కంపెనీ, లోపల సహకార సంఘము. పదిమంది ఉత్పాదకులు కలిసిన చాలును, దీనిని నమోదు చేయవచ్చును. ఉత్పాదకులు కానివారు సభ్యులు కారాదు. వ్యక్తులే సభ్యులైనచోట వాటాలెన్ని యున్నను వోటొక్కటే. వాటాలను బజారున అమ్మరాదు. వాటాలపై పరిమితమైన ప్రతిఫలమే. మిగులును సభ్యుడు పోసిన సరకు ననుసరించి బోనసుగా పంచవచ్చును. డైరెక్టర్లు అయిదుగురికి తక్కువగాని పదునైదుగురికి మించిగాని ఉండరాదు. విశాఖపట్టణపు పాలసంఘము 2006లోనే ఈ మార్గము పట్టినది.

మన సీమకు వత్తము. తెనాలికి చేరువనున్న వడ్లమూడికడ కర్మాగారము గల సంగం డెయిరీ 1977లో గుంటూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియనుగా పుట్టినది. 1964 చట్టము క్రింద మొదలై, 1997లో పరస్పర సహాయక రూపమునకు మారి, 2013లో ఉత్పాదకుల కంపెనీ యైనది. ఒకే పాలు, ఒకే దారి, ఒకే కడవలు. చట్టపు చొక్కాలు మాత్రము మూడు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లెయు బాపట్లయు అందు చేరినవి, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఐనను పాలు జిల్లా సరిహద్దులను చూచి నడువవు గదా.

కంపెనీ యైన పిమ్మటనైన అలజడి తీరినదా యన్నచో, తీరలేదు. 2021 ఏప్రిల్ మాసమున, సంస్థ వ్యవహారములలో అక్రమములు జరిగినవని ఆరోపించి, అప్పటి ప్రతిపక్షమునకు చెందిన దాని యధ్యక్షుని ప్రభుత్వమువారు నిర్బంధించిరి. అదే నెల 27వ తేదీన ఒక ఉత్తరువుచే డెయిరీ యాజమాన్యమును రాష్ట్ర పాడి ఫెడరేషనునకు అప్పగించిరి. మే మాసమున ఉన్నత న్యాయస్థానము ఆ ఉత్తరువు అమలు గాకుండ అడ్డుకొని, దైనందిన వ్యవహారములు డైరెక్టర్ల చేతనే జరుగవలెననియు, ఆస్తుల నమ్ముటకు తన యనుమతి కావలెననియు చెప్పెను. ఆరోపణల నిజానిజములు విచారించుట ఈ వ్యాసపు పని గాదు, ఎవరిపక్షమును వహింపను. చట్టరూపముల విమర్శకు మాత్రము ఇందు రెండు విషయములు విలువైనవి.

మొదటిది: కంపెనీ రూపము సంస్థను సర్కారునుండి కొంత కాపాడినది. ఒక్క కలపుపోటుతో పరుల చేతికి పోవలసినది న్యాయస్థానమున నిలిచినది. రెండవది: ఆ యారోపణలలో నొకటి, సంఘపు భూమి ఒక ట్రస్టునకు సంక్రమించినదని. ఆ ట్రస్టు పాడిరైతులకు వైద్యమందించు ఉద్దేశముతో ఆసుపత్రిని నడుపునది. చూడుడు, మిశ్రరూపముయొక్క గట్టి చిక్కు ఇచ్చటనే యున్నది. వ్యాపారము చేయుటకు కంపెనీ, ఉపకారము చేయుటకు దాని పక్కన ట్రస్టు; ఇట్టి జంటనిర్మాణము లోకమంతట మెచ్చుకొనబడుచున్నది. ఆసుపత్రి మంచిదే. కాని కడవ యడుగున మిగిలినది సభ్యుల గదినుండి ట్రస్టు గదికి మారునపుడు ఆ ద్వారమువద్ద నిలిచి "ఇది మాకు సమ్మతమే" యని చెప్పవలసినవారు ఎవరు? సభ్యుడు కంపెనీలో వోటుగలవాడు. ట్రస్టులో ఉపకారము పొందువాడు మాత్రమే. ద్వారము దాటినంతనే యజమాని యతిథి యగుచున్నాడు. ఏ యొక్క సంస్థనో యెత్తిచూపుట నా యుద్దేశము గాదు. జంటనిర్మాణమున్న ప్రతిచోటను ఈ ద్వారమున్నది.

ఈ ద్వారమునకు గొళ్ళెమెట్లు వేయవలెనో ఇతరదేశములవారు యోచించిరి. బ్రిటనులో 2005 నుండి సమాజహిత కంపెనీ యను రూపము అమలులో నున్నది. అది వ్యాపారము చేయవచ్చును. కాని దాని యాస్తికి చట్టమే తాళము వేసినది. తగిన వెల లేకుండ ఆస్తి బయటికి పోరాదు. పోయినచో అట్టి తాళము గల మరియొక సంస్థకే పోవలెను. సమాజమునకేమి మేలు చేసితిమో యేటేట నివేదిక పంపవలెను. ఇటలీ 1991లో సాంఘిక సహకార సంఘములకు చట్టము చేసి, పని దొరకని దుర్బలులకు పని కల్పించు సంఘములలో పనివారియందు అట్టివారు నూటికి ముప్పదిమందికి తక్కువ గాకుండ ఉండవలెనని నియమించినది. అమెరికాలో మేరీలాండు రాష్ట్రము 2010లో హితకారి కార్పొరేషను రూపమును తెచ్చినది. లాభముతోపాటు లోకహితమును గూడ చూడవలసిన బాధ్యత డైరెక్టర్లకు అందు కలదు. ఈ మూడిటిలో నేను మిక్కిలి మెచ్చునది బ్రిటనువారి తాళము. అట్టి సంపూర్ణమైన నిర్బంధము మన ఉత్పాదకుల కంపెనీకి లేదు. కావున అందలి సభ్యులే కావలివారు కావలెను.

కావలి లేనిచోట ఏమగునో మనకు తెలియనిది గాదు. మెదకు జిల్లాలో పేదస్త్రీలకు చిన్న అప్పులిచ్చుటకు 1990 ప్రాంతముల చివర ధర్మసంస్థగా మొదలైన యస్.కె.యస్. కాలక్రమమున లాభాపేక్షగల కంపెనీ యైనది. 2010 ఆగస్టున దాని వాటాలు బజారున అమ్ముడుపోయినవి. అదే సంవత్సరము అక్టోబరున సూక్ష్మఋణ సంస్థల వసూళ్ళను కట్టుదిట్టము చేయుటకు రాష్ట్రము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. ఉపకారమునుండి వ్యాపారమునకు పోవు మెట్టు నునుపైనది. తిరిగి యెక్కుట కష్టము. మరియొక ప్రక్క, చేత్నా ఆర్గానిక్ అను పేరున తెలంగాణపు పత్తిరైతులతో పనిచేయువారు లాభము పంచుకొనని సంస్థ యొకటియు, రైతులే వాటాదారులైన ఉత్పాదకుల కంపెనీ యొకటియు పెట్టి, శిక్షణమును మొదటిదానికి, సరకు అమ్మకమును రెండవదానికి పంచిరి. ఇట్లు జంటగా నుండుటయే దోషము గాదు. ఏ గది యెవరిదో, నడిమి ద్వారమున ఏది పోవుచున్నదో సభ్యులు ఎరుగకుండుటయే దోషము.

ఇంతవరకు తలుపు మాట ఎత్తలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది గనుక కడకు ఉంచితిని. తెనాలికిని రేపల్లెకును నడుమ నొక పల్లెలో ఒకనాటి వేకువను పాలకేంద్రము కడ నిలిచి చూచితిని. వచ్చినవారిలో సగముకంటె నెక్కువ స్త్రీలు. పాలు కొలిచిరి, చెంబెడు తీసి యంత్రమున వెన్నశాతము చూచిరి, చీటీ వచ్చెను. ఒకామె చీటీని కొంగున ముడివేసికొనుచుండగా, "దానిమీద పేరు ఎవరిదమ్మా?" యని యడిగితిని. "మా ఆయన పేరేనండీ. పాలు నావి, పేరు ఆయనది" అని నవ్వినది. సంఘపు సమావేశమునకు ఎవరు పోవుదురని యడుగగా, "ఆయనే. నాకెక్కడ తీరుద్ది? గేదె ఊరుకుంటుందా?" అన్నది. ఏ సంస్థదో ఆ కేంద్రము. ఆ పేరుతో మనకు పనిలేదు. పెక్కుచోట్ల మాట యిదియే.

ఆ యింట గడ్డి కోయునది ఆమె, పేడ తీయునది ఆమె, దూడను కట్టి పొదుగు కడిగి పాలు పిండునది ఆమె, వాన కురియుచున్నను కేంద్రమునకు మోయునది ఆమె. వోటు మాత్రము ఆయనది. మనము పైని చదివిన చట్టములు పెద్దమనుష్యుని, దాతను, మైనరును, వయస్సు వచ్చిన రైతును, వ్యాపారి యైన రైతును ఊహించినవి. ఆమెను ఏ చట్టమును అడ్డగింపలేదు. కాని ఏ చట్టమును ఊహింపలేదు. ఉత్పాదకుడే సభ్యుడు కావలెనని 2002 చట్టము గట్టిగా చెప్పుచున్నది. మరి ఉత్పాదకుడెవరు? గేదె యెవరి పేరున నున్నదో వాడా, గేదెను సాకినదా? ఆ మాటకు అర్థము చెప్పవలసినది శాసనసభ గాదు, మన యిల్లే.

ఇది కాని పని యనువారికి రెండు నిదర్శనములు గలవు. పూర్వపు కరీంనగరు జిల్లాలో ములుకనూరు అను గ్రామమున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు సహకార సంఘమును నెలకొల్పి పేరెన్నిక గాంచిరి. ఆ ప్రాంతముననే 2000 సంవత్సరమున, 1995 చట్టము క్రింద, సభ్యులందరు స్త్రీలుగనే యొక పాలసంఘము వెలసినది. "స్వకృషి" యని పేరు పెట్టుకొని పాలు పెరుగు లమ్ముచున్నది. చదువురాని స్త్రీలకు పద్దులేల తెలియునన్న వారికి అదియే ప్రత్యుత్తరము, బాగుగా తెలిసెను. రెండవది తిరుపతి. అచ్చట 2014లో శ్రీజ మహిళా పాల ఉత్పాదకుల కంపెనీ యేర్పడినది. అందును సభ్యులు స్త్రీలే. ఒకటి పరస్పర సహాయక సంఘము, రెండవది కంపెనీ. రూపములు వేరు, తలుపు ఒక్కటే. దీనినిబట్టి రూపము రెండవదనియు తలుపు మొదటిదనియు తెలియుచున్నది గదా.

ఇచ్చట ఒక యాక్షేపణ రావచ్చును. ఇంటిలో భర్తపేర నున్నను భార్యపేర నున్నను సొమ్ము ఒక్క యింటికే వచ్చును గదా, ఈ పేచీ యేల యని కొందరనవచ్చును. సొమ్ము ఒక్క యింటికే వచ్చును; కాని యెవరి చేతికి వచ్చునన్న దానినిబట్టి దాని దారి మారును. పదునైదు దినముల కొకసారి వచ్చు పాలసొమ్ము పిల్లవాని బడికి పోవునో, మందుకు పోవునో, కల్లుపాకకు పోవునో చెప్పగలవారు ఆ యింటివారే. అదియు గాక ఇది సొమ్ము మాట మాత్రమే గాదు. పాలు పలుచనైన నెలలో, వెన్నశాతము తగ్గెనని కొలతలో కోతపడిన దినమున, దాణా వెల పెరిగినపుడు, దాని కారణము గ్రహించి సమావేశమున లేచి అడుగగలది గొడ్డును సాకినదే. ఆమెను బయట నిలిపిన సంఘము తన తెలివిలో సగమును బయట నిలుపుకొన్నట్లు. అధికారులకు, రాజకీయులకు, డైరెక్టర్లకు కావలివాడు సభ్యుడే యని పైని చెప్పితిని. నిజమైన సభ్యుడే లోపల లేనపుడు కావలి యెవరు కాయుదురు?

మరియొక యాక్షేపణ: పెట్టుబడి యెట్లు వచ్చును? వాటాలు బజారున అమ్మరాని సంస్థకు ధనవంతులు సొమ్మియ్యరు. నేటి డెయిరీలకు శీతల కేంద్రములు, యంత్రములు, వాహనములు కోట్లతో కూడిన పని. ఇది కొట్టివేయదగిన మాట గాదు. ప్రయివేటు డెయిరీలతో పోటీ పడవలసిన సంఘములు కంపెనీ రూపమునకు ఆశపడుటకు ఇదియు నొక కారణము. కాని ఉత్పాదకుల కంపెనీలోనే దీనికొక ఉపాయము కలదు. సభ్యునికి రావలసిన ధరలో కొంత నిలిపియుంచి, తరువాత వాటాలుగానో సొమ్ముగానో ఇయ్యవచ్చునని చట్టము అనుమతించినది. అనగా పెట్టుబడి పెట్టువాడు బయటివాడు గాదు, పాలు పోయువారే. తమ సొమ్ము నిలిచియున్నదని ఎరిగినవారే పద్దు అడుగుదురు. కాని ఆ నిలిపిన సొమ్ము ఎంతో, ఎవరి పేరున నున్నదో చీటీమీద కనబడవలెను. కనబడనిచో ఉపాయమే అపాయమగును.

కావున క్రొత్త చట్టము వచ్చినచో అన్నియు చక్కబడునని యెదురుచూచువారితో నేను ఏకీభవింపను. ఆస్తికి తాళమువేయు నియమము మన చట్టములలో చేరవలెను; కంపెనీకిని దాని ట్రస్టునకును నడుమ ఏ యాస్తి మారవలెనన్నను సర్వసభ్యుల యెదుట ప్రత్యేక తీర్మానము కావలెను. ఇవి కోరదగినవే. ఐనను 1964 చట్టము నుండి 2002 చట్టము వరకు మనము చూచినది ఒక్కటే: రూపము సంస్థను బయటివారినుండి కాపాడగలదు, లోపలివారినుండి కాపాడవలసినది సభ్యులే. సర్కారు పెత్తనమునుండి విడిపించిన చట్టము సంఘమును సభ్యుల చేతికే ఇచ్చినదని యనుకొంటిమి. నిజముగా అది ఇచ్చినది సమావేశమునకు వచ్చినవారి చేతికి. రానివారి వంతు రానివారికే పోయినది.

ఈ పత్రికను చదువు గృహములలో పాడి గలవి చాలయుండును. లేనివారైనను ఆ సంఘముల పాలే త్రాగుచుందురు. పాడి గలవారు నేటి సాయంకాలమే పాల పుస్తకమును తెరచి చూడవలెను. పేరు ఎవరిది? వాటాధనము ఎంత? మిగిలినవారికి నిరుటి బోనసు ఏ లెక్కను పంచిరి? సర్వసభ్య సమావేశము ఎన్నడు? అది ఆమె గేదెను విడిచి రాదగిన వేళకే జరుగుచున్నదా, లేక పితుకువేళకే పెట్టుచున్నారా? ఇవి చిన్న ప్రశ్నలు. వీనిని అడుగుటకు న్యాయవాది యక్కరలేదు. పేరు మార్పించుటకు ఒక దరఖాస్తును, ఇంటి పెద్దయొక్క సమ్మతియును చాలును. రెండవది మొదటిదానికంటె కష్టమని యెరుగుదును.

వేకువను చీటీని కొంగున ముడివేసికొన్న ఆమె నవ్వు నాకింకను కన్నులకు కట్టినట్లున్నది. ఆ నవ్వులో ఫిర్యాదు లేదు. అందుచేతనే అది నన్ను విడువలేదు. పాలు ఆమెవి, పేరు ఆయనది. ఇంతటి రాజ్యాంగమును, ఇన్ని చట్టములను, ఇన్ని తీర్పులను దాటి వచ్చిన సంఘము ఆ చీటీకడ ఆగిపోయినచో, దానిని పాడి యనుటకు మొదటి యర్థమే మిగులును, రెండవది మిగులదు.